శ్రీశైలానికి ఉత్తరపు వాకిలి

ఇంటికి వాకిలి ఉంటుంది. కోటకు వాకిలి ఉంటుంది. మరి కొండకు వాకిలి ఉంటుందా? ఉంటుందనే మన పెద్దలు అనుకున్నారు. అదీ ఒకటి కాదు, నాలుగు! ఆ కొండ పేరు శ్రీశైలం.

కృష్ణానది ఒడ్డున, నల్లమల అడవి నడుమ ఉన్న శ్రీశైలం పన్నెండు జ్యోతిర్లింగ క్షేత్రాలలో ఒకటి. అక్కడికి నాలుగు దిక్కులనుంచీ యాత్రికులు వస్తారు. ఏ దిక్కునుంచి వచ్చినవారు ఆ దిక్కున ఉన్న గుడిని ముందుగా దర్శించి, ఆ తరవాత కొండకు పోవటం పూర్వపు ఆచారం. అందుకే ఆ గుళ్ళకు ద్వారాలని పేరు వచ్చింది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన పెన్న ఒడ్డున సిద్ధవటం, పడమట తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. పటం ముందు పెట్టుకుని ఈ నాలుగు చోట్లా పెన్సిలుతో చుక్కలు పెట్టండి. వాటి నడుమ శ్రీశైలం మీకే దొరుకుతుంది.

సికింద్రాబాదులోనూ హైదరాబాదులోనూ ఉండే మనం శ్రీశైలానికి ఉత్తరాన ఉన్నాం. కనక మన వాకిలి ఉమామహేశ్వరం. కాని చిత్రం చూడండి! మనలో చాలామంది ఆ వాకిలి తొక్కకుండానే శ్రీశైలం పోయి వస్తున్నాం. పొద్దున బస్సు ఎక్కితే 215 కిలోమీటర్ల దారి ఇట్టే గడిచిపోతుంది. నడుమ ఎడమ పక్కనో కుడి పక్కనో ఏమున్నదో ఎవరికి కావాలి?

పూర్వం అలా కాదు. ఏనుగుల వీరాస్వామి అనే ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరాడు. బోయీలు పల్లకీ మోసేవారు. ఆయన దక్షిణపు వైపున ఆత్మకూరు మీదుగా అడవిలో ప్రవేశించి, శ్రీశైలం చూసుకుని, తరవాత హైదరాబాదు చేరాడు. మళ్ళీ చెన్నపట్నం చేరేసరికి పదిహేను నెలలు దాటింది! దారిలో చూసినదంతా రాసిపెట్టాడు. అదే "కాశీయాత్ర చరిత్ర". అటువంటి రోజుల్లో అడవి అంచున ఒక గుడీ, తాగటానికి మంచినీళ్ళూ, తలదాచుకోవటానికి నీడా ఉంటే, యాత్రికుడికి అంతకన్న ఏం కావాలి? ఉమామహేశ్వరంలో ఆ మూడూ ఉన్నాయి.

ఇప్పుడు అక్కడికి పోవటం కష్టమేమీ కాదు. హైదరాబాదు నుంచి అచ్చంపేట సుమారు 120 కిలోమీటర్లు. బస్సులున్నాయి. అచ్చంపేట దాటి రంగాపురం వైపు పోతే, మైదానం చివర ఒక పెద్ద గోడలాగా కొండల వరస కనిపిస్తుంది. అదే నల్లమలకు ఉత్తరపు అంచు. కొండ కింద భోగమహేశ్వరం ఉన్నది. పైన ఉమామహేశ్వరం. పైకి మోటారు దారి వేశారు, మెట్లదారి కూడా ఉన్నది. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు మెట్లమీదనే ఎక్కండి. అడవి చప్పుడు వినిపించేది అప్పుడే.

సంక్రాంతికి అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. అప్పుడు జనం బాగా వస్తారు. మిగిలిన రోజుల్లో సందడి తక్కువ. గుడి ఎక్కడ ఉన్నదనుకున్నారు? కొండ శిఖరాన కాదు. నిట్టనిలువుగా లేచిన కొండచరియ కింద, ముందుకు పొడుచుకు వచ్చిన బండ నీడలో ఉన్నది. ఇంటి చూరు కింద పిచ్చుక గూడు ఉన్నట్టు! పైన బండ గొడుగు పట్టినట్టుంటుంది కనక, ఎండాకాలంలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి కొంచెం చల్లబడుతుందని మీరు పాఠంలో చదివే ఉంటారు. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. కాని ఇక్కడి చల్లదనంలో పెద్ద వాటా బండ నీడది, తడిది.

తడి ఎక్కడిది? అదే ఇక్కడి వింత. బండ సందులోనుంచి నీళ్ళు ఊరుతూ ఉంటాయి. ఆ ఊటను పాపనాశిని అంటారు. యాత్రికులు ఆ నీళ్ళు భక్తితో తాగుతారు, తలమీద చల్లుకుంటారు. "రాతిలో నీళ్ళెలా పుట్టాయి తాతా?" అని మీరడుగుతారు. అడగవలసిందే!

ముందు మన సికింద్రాబాదు రాళ్ళను తలచుకోండి. మౌలాలి కొండ ఎక్కి చూస్తే గుండ్రని పెద్ద గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి గదా? అది గ్రానైటు. భూగర్భంలో కరిగిన పదార్థం చల్లారి గట్టిపడగా ఏర్పడిన రాయి. దాని వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఉమామహేశ్వరం దగ్గర బండ అలా ఉండదు. పలకలు పలకలుగా, పుస్తకాలు దొంతర పెట్టినట్టు ఉంటుంది. నూరుకోట్ల ఏళ్ళకు పూర్వం ఈ చోట లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, బరువుకు బిగిసి, రాయి అయింది. ఆ గట్టి రాతిని క్వార్ట్జైటు అంటారు. మీరు దణ్ణం పెట్టుకునే బండ ఒకనాటి సముద్రపు ఇసుక!

ఈ రాయి గట్టిదే కాని దానినిండా పగుళ్ళున్నాయి. కొండమీద అడవిలో కురిసిన వాన ఆ పగుళ్ళగుండా కిందికి దిగుతుంది. దిగి దిగి, నీరు చొరని పొర తగలగానే, ఇక కిందికి పోలేక ఆ పొర వెంబడే పక్కకు పారుతుంది. కొండ ఎక్కడ తెగి చరియ అయిందో అక్కడ బయటపడుతుంది. అదే ఊట.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్ష చేయండి. ఒక పళ్ళెం తీసుకుని, ఒక పక్క కింద చెక్కముక్క పెట్టి కొంచెం వాలుగా నిలపండి. అడుగున బంకమన్ను తడిపి పరవండి. దానిమీద ఎత్తు వైపున ఇసుక కుప్పగా పోసి, ముందు భాగాన్ని నిలువుగా అదమండి. ఇప్పుడు ఇసుకమీద చెంబుతో మెల్లగా నీళ్ళు పోయండి. కొంచెంసేపటికి ఇసుకా మన్నూ కలిసే చోట నీరు బయటికి వస్తుంది. మీరు పోయటం మానినా వెంటనే ఆగదు, మరికాసేపు వస్తూనే ఉంటుంది. తరవాత ఇంకో పరీక్ష. ఇసుకమీద ఒక ప్లాస్టిక్ కాగితం కప్పి మళ్ళీ పోయండి. నీళ్ళన్నీ పైనుంచే జారిపోతాయి, ఊట రాదు. కొండమీది చెట్లూ, ఆకుల కుళ్ళూ, మెత్తని మన్నూ వాన నీటిని పట్టి ఆపి లోపలికి దింపుతాయి. అవి పోతే కొండమీద కాగితం కప్పినట్టే. కనక, గుడిలోని నీటి బొట్టు పుట్టిల్లు గుడి కాదు, పైన ఉన్న అడవి.

ఆ అడవి పులులది కూడా. అమ్రాబాదు పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగానే. ఆ అడవిలో చెంచులు ఎంతోకాలంగా ఉంటున్నారు. వాళ్ళ చిన్న పల్లెలను పెంటలంటారు. శ్రీశైలం దారిలో దోమలపెంట అన్న పేరు మీరు చదివే ఉంటారు. చెంచులు తాళ్ళు కట్టుకుని కొండచరియలమీదికి దిగి తేనె తీస్తారు. మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. మనకు దేవుడు, వాళ్ళకు చుట్టం!

వాకిళ్ళు ఎల్లకాలం నిలుస్తాయని అనుకోకండి. నాలుగు ద్వారాలు కాక, శ్రీశైలానికి నాలుగు ఉపద్వారాలు కూడా చెబుతారు. వాటిలో ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయింది. సంగమేశ్వరం శ్రీశైలం జలాశయంలో మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మాత్రం బయటపడుతుంది. అలంపురంలోకి నీరు రాకుండా అడ్డంగా గోడ కట్టవలసి వచ్చింది. ఆ ఆనకట్టలవల్ల లక్షల ఎకరాలు పండుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి. అది నిజమే. పోయినవి పోయిన మాటా నిజమే. రెండూ తెలిసి ఉండటం మంచిది.

ఉమామహేశ్వరం దగ్గర నీరు ముంచే భయం లేదు. ఇక్కడ చిక్కు వేరు. గ్రానైటుకూ దానిమీది ఇసుకరాతికీ మధ్య సందులో యురేనియం చేరే వీలుంది. అందువల్ల ఈ అమ్రాబాదు ప్రాంతంలో దానికోసం అన్వేషించాలన్న ఆలోచన వచ్చింది. అడవీ నీరూ చెడుతాయని జనం ఆందోళన చేశారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియం తవ్వకాలకు అనుమతి ఇవ్వవద్దని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అణువిద్యుత్తుకు యురేనియం కావాలి, దేశానికి విద్యుత్తు కావాలి. ఊటకు మాత్రం కొండ చెక్కుచెదరకుండా కావాలి. ఇటువంటి లెక్కలు రేపు మీరే తేల్చవలసి ఉంటుంది.

తేల్చటానికి ముందు కొలవటం నేర్చుకోవాలి. మీరు ఉమామహేశ్వరం పోయినప్పుడు ఒక పని చేయండి. ఎవరూ నీళ్ళు పట్టుకోని వేళ చూసి, అక్కడి పెద్దలను అడిగి, ఊట జారే చోట ఒక లీటరు సీసా పెట్టండి. అది నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తేదీ వేయండి. సంక్రాంతికి ఒకసారి, నిండు వేసవిలో ఒకసారి కొలిస్తే మరీ మంచిది. సీసాను అక్కడ పారేయక ఇంటికి తెచ్చుకోండి. మళ్ళీ పోయినప్పుడల్లా ఇలాగే చేసి, ఆ నోటుబుక్కును జాగ్రత్తగా దాచండి.

పదేళ్ళ తరవాత ఎవరైనా, "ఆ ఊట తగ్గిందా, అలాగే ఉన్నదా?" అని అడిగితే, "మా చిన్నప్పుడు బాగా వచ్చేది" అని చాలామంది అంటారు. ఎన్ని నిమిషాలకు లీటరు వచ్చేదో చెప్పగలవాళ్ళు మీరొక్కరే అవుతారు.