పాలు తాగుతూనే ఆకలిచావు

పొట్టనిండా పాలు తాగిన పిల్ల ఆకలితో, దాహంతో చస్తుందా? చస్తుంది. 2013లో అమెరికా పందుల షెడ్లలో జరిగింది అదే. ఏడాది తిరిగేసరికి సుమారు 70 లక్షల పందిపిల్లలు చచ్చిపోయాయి. అందులో పుట్టి వారం కూడా కానివే ఎక్కువ.

రోగం కొత్తదేం కాదు. 1971లో ఇంగ్లండులో బయటపడింది. 1978లో బెల్జియంలో దీని వైరస్‌ను పట్టుకున్నారు. పి.ఇ.డి. వైరస్ అంటారు. కరోనా కుటుంబంలోదే గానీ మనుషులకు సోకిన దాఖలా లేదు, ఆ భయం అక్కర్లేదు.

పంది చిన్నపేగు లోపలిగోడ టర్కీ తువ్వాలులా నూగు లేచి ఉంటుంది. ఆ నూగును కప్పి ఉన్న జీవకణాలే పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైములను తయారు చేస్తాయి. సారాన్ని, ఉప్పును, నీటిని ఒంట్లోకి లాగేవీ అవే. వైరస్ కన్ను వాటిమీదే.

వైరస్‌కు సొంతంగా మాంసకృత్తులు (ప్రోటీన్లు) చేసుకునే సరంజామా లేదు. కాబట్టి కణంలోకి దూరి, దాని సరంజామానే పట్టుకుంటుంది. మన పొలంలో దిగి, మన ఎద్దుల్ని కట్టి, మన ఎరువు చల్లి, తన విత్తనం వేయించుకునే పెత్తందారు బాపతు! కణంలోని కొవ్వు పొరల్ని వంచి తన సంతానం పెరగడానికి చిన్నచిన్న సంచులు కట్టుకుంటుంది. కణం తిండి ఖర్చుచేసే లెక్క తారుమారవుతుంది. చక్కెర, కొవ్వు వైరస్ పనికి మళ్ళుతాయి. పక్క కణాలకు ‘దొంగ పడ్డాడు’ అని కబురు చేసే ఇంటర్‌ఫెరాన్ అనే మాంసకృత్తి తయారీని అణిచేస్తుంది. కణానికీ కణానికీ మధ్య అతుకు వేసే మాంసకృత్తులు కూడా తగ్గి, గోడ సందులిస్తుంది.

ఈ సంగతులు ఎలా తెలిశాయంటే, 1989లో ఇంకా పాలు తాగని ఒక పందిపిల్ల పేగులోంచి తీసిన కణాలు ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటికి వైరస్ అంటించి, అంటని కణాలతో పోల్చి ఏ మాంసకృత్తి పెరిగింది, ఏది తగ్గిందని లెక్క కడతారు.

కణాలు చచ్చి నూగు రాలిపోతే పాలచక్కెర అరగదు. అరగని చక్కెర నీటిని పేగులోకి లాగుతుంది. నీళ్ళ విరేచనాలు, వాంతులు. తాగిన పాలు తాగినట్టే పోతాయి.

మరి పెద్ద పందులు ఎందుకు బతుకుతాయి? మూడు వారాల పిల్లకు పేగు పొర 2, 3 రోజుల్లో కొత్తది మొలుస్తుంది. పుట్టిన పిల్లకు 5 నుంచి 7 రోజులు పడుతుంది. అన్నాళ్ళు అది ఆగలేదు గదా.

వైరస్‌ను చంపే మందు లేదు. ఉప్పునీళ్ళు పట్టి ప్రాణం నిలబెట్టాలి. పందుల్లో తల్లి రక్తంలోని రక్షణ కడుపులోని పిల్లకు చేరదు, ముర్రుపాలతోనే అందాలి. అందుకే అమెరికా రైతులు చూలు పందులకు రోగపు పిల్లల పేగులే దాణాలో కలిపి పెట్టారు. వినడానికి రోత పుట్టినా, తల్లికి ముందే రోగం తగిలితే పాలలో రక్షణ వస్తుంది. ఇక పేడ అంటిన బూట్లు, పందుల్ని మోసే లారీ చక్రాలు, ఇవే రోగాన్ని షెడ్డునుంచి షెడ్డుకు మోసుకెళ్ళాయి. కడిగి, బాగా ఆరబెట్టాకే మళ్ళీ లోపలికి రానివ్వాలి.