‘ఇవాళ తూకమెంత నాన్నా?’

పొద్దున్నే హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఎమ్మెమ్టీఎస్ అందుకోవాలి... కొడుకూ కోడలూ హైటెక్ సిటీకి పరుగు. ఇక ఫ్లాట్‌లో మిగిలేది పెద్దాయనా, ఆయన బలహీనమైన గుండే! డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎప్పుడో నెలకో రెండు నెలలకో. ఈలోపు గుండె ఎలా ఉందో కనిపెట్టేదెవరు?

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపు చేయలేకపోవడం. అప్పుడు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. ఆ నీరు పాదాల్లోకీ, ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తేది చివర్లో. చాలామందిలో అంతకు కొన్ని రోజుల ముందే బరువు పెరుగుతుంది. 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు... నీరు!

అందుకే ఇంట్లో తూకం యంత్రం, బీపీ మిషన్, చిన్న ఈసీజీ పరికరం పెట్టి, ఆ అంకెల్ని ఫోన్ ద్వారా వైద్యులకు చేరవేసే పద్ధతి వచ్చింది. మరో అడుగు ముందుకేసి, ఊపిరితిత్తుల ధమనిలో అమర్చే బ్యాటరీ లేని సెన్సర్‌కు 2014లో అమెరికా అనుమతిచ్చింది. బరువు పెరగకముందే లోపలి ఒత్తిడిని అది పసిగడుతుంది.

మరి యంత్రం ఉంటే చాలా? చాలదు. 2010లో అమెరికాలో 1,653 మందిపై వెలువడిన అధ్యయనంలో రోగులే రోజూ ఫోన్ చేసి యంత్రానికి వివరాలు చెప్పారు. ఫలితం శూన్యం! 2018లో జర్మనీ అధ్యయనంలో మాత్రం డాక్టర్లు, నర్సులు రాత్రింబవళ్లు ఆ అంకెల్ని గమనించి, వెంటనే స్పందించారు. ఏడాదిలో 100 మందికి 11 దాకా ఉన్న మరణాలు 8కి తగ్గాయి. అంటే కాపాడింది పరికరం ఒక్కటే కాదు, అవతల ఉన్న మనిషి కూడా.

దూరం నుంచి వైద్యం తెలుగునేలకు కొత్తేం కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో టెలిమెడిసిన్ కేంద్రం 2000లోనే మొదలైంది.

ఖరీదైన పరికరాలు లేకపోయినా ఫర్వాలేదు. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫినుకు ముందు తూగి, డైరీలో రాసుకోవాలి. ఆవకాయ, అప్పడాలు తగ్గించాలి. బరువు ఎగబాకితే మాత్రల డోసు సొంతంగా మార్చకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఆఫీసు నుంచి ఫోన్ చేసే కొడుకు ‘భోంచేశావా నాన్నా’తో పాటు ‘ఇవాళ తూకమెంత?’ అనీ అడిగితే... అదీ వైద్యమే!