చర్మం కింద ఉబ్బు కనిపించినా చెయ్యి ఆగకూడదు

2009లో బెల్జియంలో ఓ ఫుట్‌బాల్ మ్యాచ్. రూసెలారె జట్టు ఆటగాడు ఆంథొనీ వాన్ లూ ఉన్నట్టుండి కుప్పకూలాడు. కొన్ని సెకన్లకు ఒళ్లు ఒక్కసారిగా ఎగిరిపడింది, ఆ వెంటనే లేచి కూర్చున్నాడు. ఛాతీలో అమర్చిన ఐసీడీ అనే చిన్న యంత్రం గుండె లయ తప్పడాన్ని పసిగట్టి, తనంతట తానే షాక్ ఇచ్చింది.

ప్రతిసారీ ఇంత సాఫీగా జరగదు. షాక్ పనిచేయకపోవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. మామూలు పేస్‌మేకర్ అయితే అసలు షాకే ఇవ్వదు, మందగించిన గుండెను నడిపించడమే దాని పని. అందుకే మనిషి పలక్కుండా, ఊపిరి సరిగా ఆడకుండా పడి ఉంటే లోపల ఏ యంత్రం ఉందన్నది తర్వాతి మాట. ముందు 108కి ఫోన్ చేసి సీపీఆర్ మొదలుపెట్టాలి, దగ్గర్లో ఏఈడీ (బయటి నుంచి షాక్ ఇచ్చే యంత్రం) ఉంటే తెప్పించాలి.

సీపీఆర్ కోసం ఛాతీ నొక్కితే లోపలి యంత్రం పాడవుతుందేమోనన్న జంకు సహజమే. కానీ నొక్కేది ఛాతీ నడుమ, పరికరం సాధారణంగా ఉండేది కాలర్ ఎముకకు దిగువన. అయినా ఆగిన గుండె ముందు యంత్రం ఓ లెక్కా? మధ్యలో ఐసీడీ షాక్ ఇస్తే నొక్కేవారి చేతులు కాస్త ఝల్లుమనవచ్చు, హాని ఉండదు. ఏఈడీ ప్యాడ్‌ను పరికరం ఉబ్బు మీద కాకుండా కాస్త పక్కగా అంటించాలి. అందుకని కొలతలు చూస్తూ కూర్చోనక్కర్లేదు.

అంబులెన్స్ సిబ్బంది మోసపోయే చోటు మానిటర్. గుండె స్పందించకపోయినా పేస్‌మేకర్ పంపే సంకేతాలు తెరమీద నిటారు గీతలుగా పడుతూనే ఉంటాయి. గీతను నమ్మకుండా నాడి పట్టి చూడాలి.

స్పృహలో ఉన్న మనిషికి ఐసీడీ అకారణంగా షాకుల మీద షాకులు ఇస్తుంటే, దానిపై ప్రత్యేక అయస్కాంతం పెట్టి ఆపుతారు. అదే అయస్కాంతం పేస్‌మేకర్ మీద పెడితే అది ఆగదు, ఒకే వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. శిక్షణ, మానిటర్, బయటి డీఫిబ్రిలేటర్ సిద్ధంగా లేనిదే ఎవరూ చేయరాని పని ఇది. ఐసీడీ ఉన్నవారికి ఒక్క షాక్ తగిలి, ఆపై ఒంట్లో బాగానే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేస్తే చాలు. వెంటవెంటనే రెండు మూడు తగిలినా, కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా అంబులెన్స్ పిలవాల్సిందే.

అన్నింటికన్నా తికమక పెట్టేది గుండెకు సాయంగా రక్తాన్ని తోసే పంపు, ఎల్‌వీఏడీ. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చేనీకి 2010లో అమర్చారు, 2012లో గుండె మార్పిడి జరిగేదాకా దానితోనే గడిపారు. ఆ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తుంటుంది కాబట్టి, చక్కగా మాట్లాడుతున్న మనిషికి కూడా నాడి దొరకకపోవచ్చు, బీపీ మిషన్ అంకె చూపకపోవచ్చు. అలాంటప్పుడు స్టెతస్కోప్‌తో పంపు రొద వినాలి, ఒంటి రంగు, స్పృహ, ఊపిరి గమనించాలి. నడుముకు వేలాడే కంట్రోలర్‌ నుంచి తీగలు ఊడాయా, బ్యాటరీలు అయిపోయాయా చూడాలి. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు రోగితోపాటు విడి బ్యాటరీలు, అదనపు కంట్రోలర్ ఉన్న సంచీ, పరికరం వివరాల కార్డూ అంబులెన్స్ ఎక్కాలి.