అవతలి ఒడ్డున డ్రాక్యులా!

'డ్రాక్యులా' (1958)లో క్రిస్టఫర్ లీ కోరలు చూపించింది ట్రాన్సిల్వేనియాలో కాదండోయ్, ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున బ్రే అనే పల్లె దగ్గర స్టూడియోలో! హామర్ వారి దెయ్యాలన్నిటికీ ఒకప్పుడు అదే పుట్టిల్లు.

ఆ చోటు చూడాలన్న పిచ్చితో మెయిడెన్‌హెడ్‌లో రైలు దిగి, ఏటి గట్టు పట్టుకు నడిచాను. బ్రే లాకుల దగ్గర, అచ్చం మన గోదావరి కాలువల్లోలా, నీళ్లతో పాటు పడవలు కిందికి దిగుతుంటే నోరు తెరుచుకు నిలబడిపోయాను. అదే కొంప ముంచింది!

పొద్దు వాలాక కనిపించింది ఓక్లీ కోర్ట్. 'రాకీ హారర్ పిక్చర్ షో' (1975) భవంతి ఇదే, ఇప్పుడు హోటలు. తీరా చూస్తే బాట ఇవతల, భవంతి అవతల! వంతెనేమో మైలుకు పైగా వెనక్కి. చేతిలో టార్చి కూడా లేదు. వెళ్దామా, మానేద్దామా అనుకుంటుండగా పై కిటికీలో దీపం వెలిగింది.

హోటలేనని తెలుసు. అయినా మళ్లీ అటు చూస్తే ఒట్టు!