బుట్ట మోసిన మేనమామ

తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా అన్నయ్యకు షాక్ ట్రీట్‌మెంట్ పెట్టించాం. ఆరు నెలలుగా మంచం దిగని మనిషి లేచి తిరుగుతున్నాడు, అన్నం తింటున్నాడు. కానీ పోయినేడు మా అమ్మాయి పెళ్ళిలో పిల్లను బుట్టలో మోసుకొచ్చింది ఆయనే. ఆ పెళ్ళే గుర్తులేదంటున్నాడు. డాక్టరుగారు పరీక్ష పెట్టి జ్ఞాపకశక్తి మామూలుగానే ఉందన్నారు. ఎవరిది నిజం?"

ఇద్దరిదీ నిజమే. ఈ ఉత్తరం చూశాక ఈ నెలకు అనుకున్న తోకచుక్కల వ్యాసం పక్కన పెట్టేశాను.

ముందు రెండు ముక్కలు. ఈ చికిత్సను 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇప్పుడు మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చి, కొన్ని సెకన్లు కరెంటు పంపి మెదడులో ఫిట్స్ తెప్పిస్తారు. సినిమాల్లో హీరోను మంచానికి కట్టేసి చేసేది ఇది కాదు. తీవ్రమైన డిప్రెషన్‌లో మందులకన్నా బాగా పనిచేస్తుందని 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. దాని సంగతి అంతటితో సరి.

నన్ను పట్టుకున్నది ఒక అంకె. ఈ చికిత్సతో 80 శాతానికి పైగా రోగులు తృప్తిగా ఉన్నారని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ రోగులకిచ్చే సమాచారంలో చెప్పేది. రోగుల్ని అడిగిన అధ్యయనాల్లో పేరున్నది 1980 నాటి ఎడిన్‌బరో పని. ఫ్రీమన్, కెండెల్ అనే మానసిక వైద్యులు 166 మందిని పిలిచి మాట్లాడారు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఎక్కువ కష్టమా, ఇది ఎక్కువ కష్టమా అని కూడా అడిగారు. షాక్ తీసుకున్నవాడికి ఆ పోలిక తోచేదా అని నా అనుమానం. అయితే ఆ వైద్యులు నిజాయితీపరులు. వైద్యం చేయించుకున్న ఆసుపత్రికే తిరిగొచ్చి, డాక్టరు ముఖం మీదే ఆ వైద్యం బాగాలేదనడం కష్టమని వాళ్ళే రాసుకున్నారు. ఆ మాట మరుగున పడింది, అంకెలు మాత్రం ఊరేగాయి.

పెళ్ళి బంతిలో చేయి ఇంకా విస్తట్లో ఉండగానే పిల్ల తండ్రి వచ్చి "భోజనం ఎలా ఉందండీ?" అంటాడు. "అద్భుతం" అంటాం. సాంబారులో ఉప్పు లేదన్న సంగతి ఇంటికెళ్ళే ఆటోలో బయటపడుతుంది. ఆటోలో కూర్చుని లెక్కరాసుకునే వాళ్ళు కావాలి కదా?

అలాంటి వాళ్ళు 2001లో లండన్‌లో ఒకచోట చేరారు. కింగ్స్ కాలేజ్‌కు చెందిన మానసిక వైద్య సంస్థలో 'ష్యూర్' అనే బృందం మొదలైంది. మానసిక వైద్యం పొందిన అనుభవమున్నవాళ్ళే అందులో పరిశోధకులు. వాళ్ళలో డయానా రోజ్ స్వయంగా షాక్ చికిత్స తీసుకున్న మనిషి. మనస్తత్వ శాస్త్రవేత్త టిల్ వైక్స్ ఆమెకు తోడు. వీళ్ళు కొత్తగా ఎవరినీ అడగలేదు. పాత పనులే ముందేసుకున్నారు: వైద్యులు చేసినవి 26, రోగులు తామే చేసినవి లేదా రోగులతో కలిసి చేసినవి 9. అడిగిందెవరు, ఎక్కడ, చికిత్స అయిన ఎన్నాళ్ళకు, ఎన్ని ప్రశ్నలు అని చూస్తూ పోయారు. చికిత్స అయిన వెంటనే, ఆసుపత్రిలోనే, డాక్టరే నాలుగు ప్రశ్నలు అడిగి వదిలేస్తే తృప్తి పెరుగుతోంది. అడిగే మనిషి మారి, రోజులు గడిచి, ప్రశ్నలు లోతుకెళ్ళేకొద్దీ తగ్గుతోంది. 80 శాతం మాటకు ఆధారం లేదని 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసేశారు. జ్ఞాపకాలు పోయి తిరిగి రాలేదన్నవాళ్ళు అధ్యయనాన్నిబట్టి 29 నుంచి 55 శాతం.

మొహమాటం ఒక్కటే కారణమైతే నేనింత రాయను. అసలు తమాషా డాక్టరు పెట్టే పరీక్షలో ఉంది. ఇవాళ ఏ వారం? ఈ మూడు మాటలు కాసేపయ్యాక మళ్ళీ చెప్పండి. 100లోంచి 7 చొప్పున తీసేస్తూ రండి. ఇది ఇప్పటి ధ్యాసకు, కొత్త సంగతిని పట్టుకునే శక్తికి పరీక్ష. ఆ శక్తి నిజంగానే తిరిగొస్తుంది. 2010లో సెమ్‌కోవ్‌స్కా, మెక్‌లాఫ్లిన్ అనే పరిశోధకులు 84 అధ్యయనాలు కలిపి చూస్తే రెండు వారాలు దాటాక ఇలాంటి చాలా పరీక్షల్లో రోగులు మునుపటికన్నా మెరుగ్గానే ఉన్నారు. కానీ బతుకులో జరిగిపోయినవాటి జ్ఞాపకాలు ఆ లెక్కలోకే రాలేదు. వాటికి అందరూ ఒప్పుకున్న పరీక్ష లేదు మరి!

బీరువా తలుపు తెరుచుకుంటోందా, మూసుకుంటోందా అని చూశారన్నమాట. లోపల ఏ చీర పోయిందో చూడలేదు. ఏ చీరలుండేవో బీరువాగలవాళ్ళకే తెలియాలి. ఇక్కడ చిక్కేమిటంటే, వాళ్ళకూ వెంటనే తెలియదు! పోయిన జ్ఞాపకం పోయినట్టు తెలియాలంటే ఎవరో ఒకరు దాన్ని ఎత్తాలి. ఇంటికొచ్చాక, చుట్టాలొచ్చి "ఆ బుట్ట ఎంత బరువో!" అని నవ్వాక, ఏ పెళ్ళి అనుకుంటాడు. అందుకే ఆసుపత్రి మంచం మీద అడిగితే "బాగానే ఉందండీ" అంటాడు. అది అబద్ధం కాదు. పోయిన సంగతి అప్పటికి ఆయనకే తెలియదు.

ఇక్కడ మహామహులే పప్పులో కాలేశారు. జ్ఞాపకాల శాస్త్రంలో లారీ స్క్వైర్‌ది పెద్ద పేరు. ఆయన బృందం రోగుల్ని మూడేళ్ళు వెంబడించింది. దాదాపు సగంమంది జ్ఞాపకశక్తి బాగాలేదన్నారు. చికిత్స నాటి రోజులు నిజంగానే ఖాళీ అయి ఉండొచ్చునని స్క్వైర్ బృందంవాళ్ళు ఒప్పుకున్నారు గాని, మిగతా ఫిర్యాదుకు మొదట్లో మరుపు చవిచూసినందువల్ల తమ జ్ఞాపకశక్తి మీదే అనుమానం మిగిలిందేమోనన్నారు. ఇంకొందరు అదంతా డిప్రెషన్ వల్లేనన్నారు. కానీ 2007లో సాకైమ్ అనే పరిశోధకుడి బృందం న్యూయార్క్ ప్రాంతంలోని 7 ఆసుపత్రుల్లో 347 మందిని చూసింది. బతుకులోని సంగతులు చికిత్సకు ముందే అడిగి రాసుకుని, తర్వాత అవే అడిగింది. ఆరు నెలలకూ కొన్ని తిరిగి రాలేదు. తలకు రెండువైపులా కరెంటు పెట్టినవాళ్ళలో నష్టం ఎక్కువ. అంటే రోగులు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నదే.

ఇప్పుడు పరిశోధనకు డబ్బిచ్చేవాళ్ళు 'అనుభవమున్నవాళ్ళను కలుపుకోండి' అంటున్నారు. చాలాచోట్ల జరిగేదేమిటంటే కమిటీలో ఒక కుర్చీ, టీ, రెండు బిస్కట్లు, ఒక సంతకం. ప్రశ్నలు మాత్రం ముందే అచ్చయి ఉంటాయి. రోజ్ బృందం 2005లో ఇంకో సంగతి బయటపెట్టింది. అంగీకార పత్రం మీద సంతకం పెట్టినా, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు అనిపించలేదన్నవాళ్ళు సుమారు మూడో వంతు. "సంతకం పెట్టారు సరే, కాదనగలిగేవారా?" అన్న ప్రశ్న డాక్టరు బల్లకు అవతల కూర్చున్నవాళ్ళకే తోస్తుంది. మన దగ్గరైతే ఎవరేం మాట్లాడినా "ఎర్రగడ్డ మెంటల్ ఆసుపత్రికి పంపండి" అని నవ్వుకుంటాం. ఆ గడప తొక్కొచ్చినవాళ్ళ మాటను ఇక లెక్కలోకి తీసుకునేదెవరు?

అమ్మా, మీ అన్నయ్యగారి వైద్యం మాత్రం ఆపకండి. మనిషి లేచి తిరుగుతున్నాడంటే చిన్న విషయం కాదు. మళ్ళీ షాక్ పెట్టాల్సివస్తే ముందుగా ఆయనతో కూర్చుని గత రెండేళ్ళ సంగతులు ఓ ఇరవై రాసిపెట్టుకోండి. కరెంటు ఒకవైపే పెట్టే వీలుందా అని డాక్టరుగారిని అడగండి. ఈసారి చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ పెళ్ళి ఆల్బం కూడా తీసుకెళ్ళండి.