చేప పడని రోజు కూడా రాసి పెట్టుకోండి



మృగశిర కార్తె వచ్చిందంటే మన చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఇళ్లలో చేపల కూర వండని ఇల్లు తక్కువ. ఆ రోజు తెల్లవారుతూనే సంచీ పట్టుకుని రాంనగర్ చేపల మార్కెట్ దారి పట్టేవాళ్లు ఎందరో. అయితే చేపను కొనుక్కుని రావడం వేరు, చెరువు గట్టున గాలం వేసి కూర్చోవడం వేరు. మన సంఘ కుటుంబాల్లోనూ, మన ఆసుపత్రికి వచ్చే పేషెంట్లలోనూ ఈ రెండో రకం వాళ్లు కొద్దిమంది ఉన్నారు. సెలవు రోజు వస్తే గాలం కర్ర, టిఫిన్ డబ్బా పట్టుకుని ఊరవతల చెరువులకు బయలుదేరతారు. ఈసారి మా మాట ముఖ్యంగా వాళ్ల కోసం. గాలం ముట్టని వాళ్లు కూడా చదవండి. చివరకు ఈ మాట మీ ఇంటికీ వస్తుంది.

అశోక్‌నగర్ పెద్దాయన పుస్తకం

కొన్నేళ్ల క్రితం సెప్టెంబరు నెలలో అశోక్‌నగర్ నుంచి ఒక పెద్దాయనను మా వార్డులో చేర్చారు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నాలుగు రోజులుగా జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు. ఆ రోజుల్లో వార్డు నిండా జ్వరాలే. డెంగీ ఏమోనని రక్తం పరీక్షకు పంపితే కాదని వచ్చింది. మలేరియా కూడా కాదు. మా సిస్టర్ ఒకామె దుప్పటి సర్దుతూ ఆయన పిక్క మీద చెయ్యి వేస్తే "అమ్మా!" అని అరిచారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని పుసి లేదు. సిస్టర్ వెంటనే డ్యూటీ డాక్టరుగారికి చెప్పింది.

డాక్టరుగారు వచ్చి, "ఈ మధ్య ఊరు బయటికి ఎక్కడికైనా వెళ్లారా? నీళ్లలో గాని, బురదలో గాని దిగారా?" అని అడిగారు.

"లేదండీ. ఇల్లు కదలలేదు" అన్నారు ఆయన.

పక్కనే ఉన్న భార్య ఊరుకోలేదు. "అదేమిటండీ, చేపలకు వెళ్లారు కదా!"

"అది ఎప్పుడో నెల దాటింది. అయినా ఆ రోజు ఒక్కటీ పడలేదుగా" అన్నారు విసుగ్గా.

చేప పడలేదు కాబట్టి ఆయన లెక్కలో ఆ ప్రయాణమే లేదు. కాని ఆ ఇంటి ఇల్లాలికి భర్త అలవాటు తెలుసు. "సిస్టరమ్మా, ఈయన చేపల సంగతంతా ఒక పుస్తకంలో రాస్తారు. మా అబ్బాయిని పంపి తెప్పిస్తాను" అంది. గంటలో పుస్తకం వచ్చింది. పచ్చారీ సామాను లెక్కలు రాసుకునే పొడవు నోటుబుక్కు. పాలిథిన్ కవరులో చుట్టి ఉంది. చివరి పేజీలో పెన్సిలుతో రాసిన మాటలు ఇంచుమించు ఇవి:

"ఆదివారం. ఉదయం 6-30 నుంచి 11 వరకు. రాత్రి పెద్ద వాన. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎర వానపాము. గాలం తీగల్లో చిక్కుకుంటే మోకాలి లోతు దిగి విడిపించాను. ఎడమ మడమ దగ్గర రాయి గీసుకుంది. చేపలు సున్న."

తేదీ చూస్తే నెల దాటలేదు. సరిగ్గా 2 వారాలు. అంటే చెరువులో దిగిన 10 రోజులకు జ్వరం మొదలైంది. డాక్టరుగారు మడమ చూశారు. గీత దాదాపు మానిపోయింది, వెతికితే గాని కనపడలేదు. ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ అనే అనుమానంతో ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టించారు. పరీక్ష ఫలితం తర్వాత వచ్చింది, అదే జబ్బు. అప్పటికే ఆయనకు మూత్రం తగ్గుతున్నట్టు మా చార్టులో కనిపించింది. ఇంకో 2 రోజులు డెంగీ, వైరల్ అనుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో మేము చెప్పలేము. కిడ్నీలు నిలబడ్డాయి. 9వ రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు.

వెళ్లేముందు ఆయన మాతో అన్న మాట ఇది: "ఆ రోజు రాయకూడదనుకున్నాను సిస్టర్. సున్న రాయడానికి సిగ్గేసింది. అలవాటు కొద్దీ రాశాను."

సున్నకూ విలువ ఉంది

చేపలు పట్టేవాళ్లు గొప్పలు చెప్పుకుంటారని అందరూ నవ్వుతారు. మూరెడు చేప రెండు రోజులకు బారెడు అవుతుంది. ఇందులో అబద్ధం కన్నా జ్ఞాపకశక్తి తప్పే ఎక్కువ. మనసు మంచి రోజులను పెద్దవి చేస్తుంది, వట్టి రోజులను తుడిచేస్తుంది. పుస్తకం ఆ పని చేయదు. ఏయే రోజుల్లో చేపలు పడలేదో రాసి ఉంటేనే, పడిన రోజున తేడా ఏమిటో తెలుస్తుంది. వాన పడిన మర్నాడు పడ్డాయా, ఎండ కాసిన రోజునా? వానపాముకా, గోధుమపిండి ముద్దకా? 10 మంచి రోజులు మాత్రమే రాసిన పుస్తకం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేదు.

బైబిలు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో శిష్యుల వలలో పడిన పెద్ద చేపలు 153 అని లెక్క ఉంది. ఆ రాత్రంతా వాళ్లకు ఏమీ దొరకలేదని కూడా అదే అధ్యాయంలో ఉంది. లెక్క రాసినవాడు రెండూ రాశాడు.

మన ఊరిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. బేగంపేటలో పనిచేసిన డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమలను కోసి, మైక్రోస్కోపు కింద వెతికి, చూసినదంతా రాసి పెట్టుకునేవాడు. ఎన్నో దోమల్లో ఆయనకు కావలసినది కనపడలేదు. 1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, ఆగస్టు 20న ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏ రకం దోమలో లేదో లెక్క ఉండబట్టే, ఉన్న దోమ ఏ రకమో గుర్తు పట్టగలిగాడు.

ఇతర దేశాల గాలగాళ్లు

చల్లని సెలయేళ్లు ఉన్న దేశాల్లో ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతి ఉంది. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి ఈగలా తయారు చేస్తారు. అది నిజంగా నీటి మీద వాలినట్టు పొడవాటి దారంతో విసురుతారు. ట్రౌట్ అనే చేప దాన్ని ఈగ అనుకుని అందుకుంటుంది. మన దక్షిణాదిలో నీలగిరి కొండల చల్లని వాగుల్లోకి బ్రిటిషు వారి కాలంలో ఈ ట్రౌట్‌ను బయట నుంచి తెచ్చి వదిలారు. ఏ నెలలో, ఏ గంటలో, ఎలాంటి ఈగలు లేస్తున్నాయో, తాము ఏ దొంగ ఈగ విసిరితే చేప వచ్చిందో ఈ పద్ధతి వాళ్లు పుస్తకంలో రాసుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ వాగు అలవాట్లు వాళ్ల చేతిలో ఉంటాయి.

అమెరికా రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే సముద్రంలో పెద్ద చేపల వేటకు వెళ్లినప్పుడు లాగ్ పుస్తకాలు రాయించి పెట్టుకున్నాడు. ఆయన పడవ పేరు పిలార్, 1934లో కొన్నాడు. అదే ఏడాది ఫిలడెల్ఫియా నుంచి చేపల శాస్త్రవేత్తలు వచ్చి ఆ పడవ మీద ఆయనతో కలిసి మార్లిన్ చేపలను పరిశీలించారు. ఆ తర్వాత 1935లో ఒక చేపకు శాస్త్రీయ నామంలో ఆయన పేరు కూడా పెట్టారు.

మన పొరుగున కర్ణాటకలోని కబిని నదిలో 1946లో వాన్ ఇంజెన్ అనే ఆయన పట్టిన మహసీర్ చేప బరువు 120 పౌండ్లు, అంటే సుమారు 54 కిలోలు. తూచి, రాసి పెట్టారు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని రికార్డుగా చెప్పుకుంటున్నాం. తూచకుండా వండుకుని ఉంటే అది ఇంకో గొప్పల కథ అయ్యేది.

పుస్తకంలో ఏమి రాయాలి?

మన చెరువుల్లో పడేవి బొచ్చె, రోహు, కొర్రమీను, జెల్ల, వాలుగ, పరిగెలు. చేప ఏదైనా పుస్తకం ఒకటే. ఈ వరుసలు చాలు:

1. తేదీ, వెళ్లిన సమయం, తిరిగి వచ్చిన సమయం.
2. చెరువు పేరు, ఏ గట్టున కూర్చున్నారు.
3. ఎండ, వాన, గాలి. ముందు రోజు వాన పడిందా?
4. నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా? పెరిగాయా, తగ్గాయా?
5. ఎర ఏమిటి.
6. చేప రకం, పొడవు, బరువు. టేపుతో కొలిచి, తూచి రాయండి. వదిలిపెట్టినవీ రాయండి. గుడ్లతో ఉన్న చేపను నీళ్లలోకి వదిలితే మరీ మంచిది. బొచ్చె, రోహు లాంటివి వానాకాలంలోనే గుడ్లు పెడతాయి.
7. ఏమీ పడకపోతే "సున్న" అని రాయండి. ఆ గడి ఖాళీగా వదలకండి.
8. ఒంటి సంగతి. నీళ్లలో దిగారా? ఎంత లోతు? గీసుకుందా, ముల్లు గుచ్చుకుందా? భోజనం, మందులు వేళకు తీసుకున్నారా?

ఈ 8వ వరుస మామూలుగా ఎవరూ రాయరు. అది మేము చేర్చినది. అశోక్‌నగర్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది.

పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. గట్టు మీదే రాయండి, ఇంటికి వచ్చాక రాద్దామంటే సగం మరచిపోతారు. మాకు నర్సింగ్ స్కూల్లో మొదట నేర్పిన పాఠం కూడా ఇదే. మందు ఇచ్చిన వెంటనే చార్టులో రాయాలి, డ్యూటీ చివర కూర్చుని గుర్తు చేసుకుని రాయకూడదు. పుస్తకం ఎక్కడ ఉంటుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. ఆ పెద్దాయన సొంతంగా చెప్పలేని రోజున ఆయన భార్యకు తెలియడం వల్లనే పని జరిగింది.

ఎలుక జ్వరం గురించి

ఈ జబ్బు క్రిములు ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంలో ఉంటాయి. వాన నీటితో చెరువుల్లో, బురదలో కలుస్తాయి. చర్మం మీది గీతల నుంచి, కళ్లు, ముక్కు, నోటి లోపలి పొరల నుంచి ఒంట్లోకి ప్రవేశిస్తాయి. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో, కొందరిలో నెల దాకా పట్టి, జ్వరం వస్తుంది. తలనొప్పి, పిక్కల నొప్పి, ఎర్రబడిన కళ్లు ముఖ్య గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తొందరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. అయితే మందుల షాపులో అడిగి మీరే కొనుక్కోకండి. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరుగారు చెప్పాలి.

గాలం ముట్టని వాళ్లకు

హుస్సేన్‌సాగర్ నాలా మన అశోక్‌నగర్ పక్కనుంచే పారుతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి పాతవాళ్లకు గుర్తే. ఆ నీళ్లలో నడవడానికి చెరువుకు వెళ్లనక్కర లేదు. వీధిలో మోకాలి లోతు నీళ్లలో నడిచిన రోజున, ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఎత్తిపోసిన రోజున క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర ఒక మాట రాసి పెట్టండి. తర్వాత జ్వరం వస్తే డాక్టరుగారికి ఆ తేదీ చెప్పండి.

షుగరు, బీపీ ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. మీరు తెచ్చే పుస్తకాల్లో మంచి అంకెలు మాత్రమే ఉండడం మేము చూస్తూనే ఉన్నాం. పెళ్లికి వెళ్లి వచ్చిన మర్నాటి షుగరు ఆ పుస్తకంలో ఉండదు. "ఎక్కువ వచ్చింది సిస్టర్, అందుకే రాయలేదు" అంటారు. మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. ఆ అంకె చూసే డాక్టరుగారు మందు సరిచేస్తారు. అది చేపలు పడని రోజు లాంటిది. రాయండి.

గుర్తుంచుకోండి

• చెరువులు చాలావరకు మత్స్య సహకార సంఘాల చేతిలో ఉంటాయి. అడిగి, అనుమతి తీసుకునే గాలం వేయండి. తాగునీటి జలాశయాల దగ్గర నిషేధాలను పాటించండి.
• కాలికి పుండు గాని గీత గాని ఉంటే నీళ్లలో దిగకండి. దిగక తప్పకపోతే రబ్బరు బూట్లు వేసుకోండి. షుగరు ఉన్నవాళ్లు ఎప్పుడూ చెప్పులు లేకుండా గట్టు మీద నడవకండి.
• గాలం కొక్కెం చర్మంలో దిగితే వెనక్కి గుంజకండి. దానికి వెనక్కి తిరిగిన మొన ఉంటుంది, గాయం పెద్దదవుతుంది. దారం కత్తిరించి, కొక్కెం కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి రండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి.
• ఉరుము వినపడితే గాలం కర్ర కింద పెట్టి, చెరువు గట్టు, ఒంటరి చెట్టు వదిలి, భవనంలోకి గాని కారులోకి గాని వెళ్లండి.
• ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లు, చేతులు కడుక్కుని స్నానం చేయండి.
• జ్వరం వచ్చి ఆసుపత్రికి వస్తే ఆ పుస్తకం కూడా తెచ్చుకోండి. మేము తప్పకుండా చదువుతాం. సున్న ఉన్న పేజీ ముందు చదువుతాం.