మన పిల్లలకి హీరో ఎవరు?

టీనేజ్ పిల్లలున్న ఇంట్లో తల్లికి ఉండే బెంగలు ఇన్నీ అన్నీ కావు. మార్కులు, ర్యాంకులు, స్నేహాలు, సెల్‌ఫోన్లు... వీటన్నిటి వెనక పైకి చెప్పుకోలేని భయం ఇంకోటుంది. అదే మత్తు అలవాటు. 'మావాడు అలాంటివాడు కాదండీ' అని ప్రతి తల్లీ అంటుంది. నిజమే, ఏ పిల్లాడూ అలాంటివాడుగా పుట్టడు. స్నేహితుడి పుట్టినరోజునాడో, ట్యూషన్ అయ్యాక బడ్డీకొట్టు దగ్గరో, 'ఒక్కసారికి ఏం కాదురా' అన్న మాటతో మొదలవుతుంది. అందుకే ఆ మాట వినకముందే మనం కొన్ని సంగతులు తెలుసుకుని ఉండాలి.

ఆ వయసే అలాంటిది

ముందూ వెనకా ఆలోచించి 'వద్దు' అని చెప్పే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్ళు పడుతుందని డాక్టర్లు చెబుతారు. సరదాని, సాహసాన్ని కోరే భాగం మాత్రం 13, 14 ఏళ్ళకే చురుగ్గా ఉంటుంది. పైగా సిగరెట్ పొగలోని నికోటిన్ మెదడుకి చేరడానికి పట్టేది పది, ఇరవై సెకన్లే. ఎదిగే మెదడు దానికి తొందరగా అలవాటు పడిపోతుంది. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళు పెద్దయ్యాక మానలేక అవస్థ పడేది అందుకే. కాబట్టి 'వీడికి బుద్ధి లేదు' అని తిట్టి లాభం లేదు. ఆ బుద్ధి ఎదిగేదాకా కాపు కాయాల్సింది మనమే.

వక్కపొడి చిన్న విషయం కాదు

మత్తు అనగానే మనకి గంజాయి, మందు గుర్తొస్తాయి. కానీ చాలామంది పిల్లలకి తొలిమెట్టు వక్కపొడి పొట్లమే. 'వక్కేగా, అరుగుదలకి మంచిది' అని మన పెద్దవాళ్ళే అంటారు. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. వక్క నమిలేవాళ్ళకి బుగ్గల లోపల చర్మం బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. కాస్త కారం తగిలినా మంట పుడుతుంది.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేసి చూడచ్చు. నోరు బాగా తెరిచి, తన మూడు వేళ్ళని ఒకదానిమీద ఒకటిగా నిలువుగా పెట్టుకోమనండి. పట్టకపోతే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే.

2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం తినే పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదు. అందుకని కొందరు వ్యాపారులు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టి జంటగా అమ్ముతున్నారు. ఈ-సిగరెట్లని 2019లో దేశమంతటా నిషేధించారు. పిల్లవాడి సంచిలో పెన్నులాగానో, పెన్‌డ్రైవ్‌లాగానో తెలియని వస్తువు కనిపిస్తే ఏమిటో కనుక్కోండి.

హీరోలంటే ఎవరు?

ఈ వయసు పిల్లలు ఎవరినో ఒకరిని చూసి అలా నడవాలనుకుంటారు. తప్పు కాదు. చిక్కల్లా ఎవరిని చూస్తున్నారన్నదే. తెరమీద సిగరెట్ వెలిగించిన హీరో కింద హెచ్చరిక అక్షరాలు పడతాయి గానీ, పిల్లల కళ్ళు అక్షరాల మీద ఉండవు. పెద్ద పెద్ద తారలు యాలకుల గింజల ప్రకటనలో నవ్వుతారు. ఆ పేరుతోనే పాన్ మసాలా కూడా ఉంటుంది!

అలాంటప్పుడు మన ప్రాంతంవాళ్ళ కథలే పిల్లలకి చెబుదాం. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటన వస్తే వద్దన్నాడు. తాను తాగనిది పిల్లలకి ఎలా చెప్పగలననుకున్నాడు. మోకాలి ఆపరేషన్లయ్యాక, మళ్ళీ లేచి గెలిచిన మనిషి ఆయన. నిజామాబాద్ జిల్లాలోని పాకాల అనే పల్లెలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకి 14 ఏళ్ళు నిండలేదు. చదివింది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లోనూ, ఆస్పత్రిలోనూ పని చేసింది. ఆ అమ్మాయి 2023లో ఆసియా పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం తెచ్చింది. డబ్బున్నవాళ్ళే గొప్పవాళ్ళవుతారన్న మాటకి వీళ్ళే జవాబు.

అయితే ఎవరెస్ట్ ఎక్కినవాళ్ళకన్నా పిల్లలు రోజూ చూసే మనిషి ఇంకొకరున్నారు. అది నాన్న. 'ఒరేయ్, వెళ్ళి సిగరెట్ పెట్టె పట్రా' అని కొడుకుని పంపే ఇంట్లో గోపీచంద్ కథ ఎంత చెప్పినా ఏం ప్రయోజనం? పుట్టినరోజు విందుల్లో, పెళ్ళిళ్ళల్లో మామయ్యలు, బాబాయిలు సీసాలు పెట్టుకు కూర్చుంటే పిల్లలు ఐసుముక్కలు అందిస్తుంటారు. ఈ ఒక్క విషయంలో మగవాళ్ళకి మొహమాటం లేకుండా చెప్పాలి. మానలేకపోతే మానలేకపోయారు, కనీసం పిల్లల చేత తెప్పించద్దు. 'మానాలని ప్రయత్నిస్తున్నాను, నా వల్ల కావట్లేదురా, నువ్వు మొదలుపెట్టకు' అని తండ్రే కొడుకుతో అంటే, మనం పెట్టే వంద క్లాసులకన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

ఖాళీ సాయంత్రాలే అసలు ప్రమాదం

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లల్లో నూటికి 42 మంది అంతకుముందు నెలలో తాగి మత్తెక్కినవాళ్ళేనట. 2016 నాటికి ఆ సంఖ్య 5కి తగ్గింది. వాళ్ళేం మంత్రం వేయలేదు. పిల్లలకి ఆటలు, సంగీతం నేర్పించడానికి డబ్బు సాయం చేశారు. రాత్రి పొద్దుపోయాక పిల్లలు బయట తిరగకూడదని కట్టడి పెట్టారు. తల్లిదండ్రులు పిల్లలతో ఎక్కువసేపు గడపాలని ప్రోత్సహించారు. మనం చేయలేనివా ఇవి?

పదో తరగతి వచ్చిందని ఆటలు మాన్పించకండి. సాయంత్రం గంట కబడ్డీయో, షటిలో ఆడనివ్వండి. ఒక పూటైనా అందరూ కలిసి కూర్చుని టీవీ, ఫోన్లు కట్టేసి భోంచేయండి. ఆకలి వేసినప్పుడే బడ్డీకొట్టు పిలుస్తుంది. కాబట్టి పిల్లలు ఇంటికొచ్చే వేళకి శనగల గుగ్గిళ్ళో, అటుకుల ఉప్మాయో, పల్లీ పట్టీయో సిద్ధంగా ఉంచండి. మానాలనుకునే పిల్లాడికి నోరు లాగినప్పుడు కాస్త సోంపో, ఒక లవంగమో, వేయించిన ధనియాల పప్పో ఇవ్వచ్చు. వక్క మాత్రం వద్దు. ఆ లాగడం కొద్ది నిమిషాలే ఉంటుంది. గ్లాసుడు మంచినీళ్ళు నెమ్మదిగా తాగి, నాలుగు అడుగులు వేస్తే దాటిపోతుంది.

అనుమానం వస్తే...

బట్టలు ఉతికేటప్పుడు జేబులో పొట్లం కాగితాలు, డబ్బులు తగ్గుతుండడం, కళ్ళు ఎర్రబడడం, ఉన్నట్టుండి కోపం, పాత స్నేహితుల్ని వదిలేయడం, చొక్కాకి వైట్‌నర్, థిన్నర్ వాసన... వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన కంగారు పడద్దు. రెండు మూడు కలిస్తే మాత్రం కనిపెట్టి చూడాలి.

మా వీధిలో ఒకావిడకి కొడుకు ప్యాంటు జేబులో పొట్లాలు దొరికాయి. ఆవిడ వాళ్ళాయనకి చెప్పి కొట్టించలేదు. ఆ రాత్రి అన్నం పెట్టి, పొట్లం కంచం పక్కన పెట్టి, 'ఎప్పట్నుంచి నాన్నా?' అని మాత్రం అడిగింది. వాడు ఏడ్చాడు. మర్నాడే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రెండుసార్లు మళ్ళీ మొదలెట్టాడు, మూడోసారి మానాడు. మధ్యలో జారినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు.

గంజాయి, మందు, మాత్రల దాకా వెళితే ఇంటి వైద్యం పనికిరాదు. గదిలో పెట్టి తాళం వేయడం, తెలియకుండా కాఫీలో పొడులు కలపడం ప్రాణం మీదకి తెస్తాయి. మానసిక వైద్యుల్ని కలవాలి. మత్తుమందులకి సంబంధించిన సలహాకి 14446, పొగాకు మానడానికి 1800-11-2356, మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి 14416. ఇవన్నీ ఉచితం. 'కేసవుతుందేమో' అని భయపడి దాచిపెట్టకండి. 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే, వాడకానికి బానిసై తనంతట తాను చికిత్సకి ముందుకొచ్చినవాళ్ళకి విచారణనుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఏ ఉంది.

నలుగురం కలిస్తే...

2003 చట్టం ప్రకారం బడికి, కాలేజీకి 100 గజాల లోపల పొగాకు వస్తువులు అమ్మకూడదు. 18 ఏళ్ళలోపు వాళ్ళకి ఎక్కడా అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకి మందు, పొగాకు ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళ దాకా జైలు పడచ్చు. మీ పిల్లల బడి గేటు దగ్గర ఎన్ని కొట్లున్నాయో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. ఒక్కరే అడిగితే కొట్టువాడు నవ్వుతాడు. పదిమంది తల్లులు హెడ్‌మాస్టరు గారి సంతకంతో పోలీస్ స్టేషన్‌కి వెళితే నవ్వడు.

మన వల్ల ఏమవుతుందని అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్ళు వాళ్ళు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, మరుసటేడు రాష్ట్రమంతా సారాని నిషేధించారు. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు. ముందు బడి గేటు దాకా వెళదాం.